అ ఆలు నేర్పే అక్కకు నెలకు రెండు వేలు, ఊరే ఇవ్వాలి

నా మాట ముందే చెప్పేస్తాను, వాదన తర్వాత. ఊళ్లో సాయంత్రంపూట పెద్దవాళ్లకు చదువు చెప్పే మనిషికి నెలకు ఇంత అని డబ్బులివ్వాలి. ప్రభుత్వం ఎప్పుడిస్తుందా అని కూర్చోకుండా ఆ డబ్బులు ఊరే పోగెయ్యాలి. స్వచ్ఛంద సేవ పేరు చెప్పి ఆ పనిని ఉచితంగా చేయించుకున్నన్నాళ్లూ నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వేలిముద్రలు పోవు.

లెక్కలు అందరికీ తెలిసినవే కాబట్టి త్వరగా ముగిస్తాను. 2011 జనాభా లెక్కల్లో నెల్లూరు అక్షరాస్యత దాదాపు 69 శాతం, ప్రకాశం 63 శాతం. ప్రకాశంలో ఆడవాళ్ల సంగతి చూస్తే 53 దగ్గరే ఆగిపోయింది, అంటే ఇంచుమించు ఇద్దరిలో ఒకరికి చదువు రాదు. 2023-24 కేంద్ర కార్మిక సర్వేలో మన రాష్ట్రం 72.6 శాతంతో దేశంలోనే అట్టడుగున ఉంది, బీహార్ కూడా మనకన్నా పైనే. పెద్దల చదువుకు ఇప్పుడు నడుస్తున్న కేంద్ర పథకం ఉల్లాస్. 2022 నుంచి 2027 దాకా అయిదేళ్లకు 1,037.90 కోట్లు, దేశమంతా కలిపి అయిదు కోట్ల మందికి చదువు నేర్పాలి. భాగించి చూడండి, మనిషికి 207 రూపాయలు పడుతుంది. ఒక మనిషికి చదవడం, రాయడం, లెక్కలు నేర్పి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వడానికి ఇంత తక్కువ ఎలా సరిపోతుందంటే, నేర్పేవాళ్లకు ఏమీ ఇవ్వరు కాబట్టే. వాళ్లు సేవాభావంతో చెయ్యాలి, పథకం మొత్తం దానిమీదే నిలబడి ఉంది. పింఛను ఇంటికి తెచ్చిచ్చే మనిషికి నెలకు 5 వేలు ఇచ్చిన రాష్ట్రం మనది. చదువు చెప్పే మనిషి దగ్గరికి వచ్చేసరికే సేవ గుర్తొస్తోంది.

అసలు ఆ సేవ చేస్తున్నది ఎవరు? టౌన్ నుంచి కాలేజీ పిల్లలు వచ్చి చెప్తారని పేపర్లో రాసుకుంటాం గానీ వాళ్లు పట్టుమని పది రోజులు వస్తే గొప్ప, పరీక్షలు మొదలైతే కనపడరు, అది వాళ్ల తప్పు కూడా కాదు. నిలబడి చెప్పేది ఊరి మనిషే. ఇంటర్ దాకా చదివి పెళ్లయి ఆ ఊరికి వచ్చిన కోడలు, డ్వాక్రా గ్రూపుల లెక్కలు రాసే యానిమేటర్, అంగన్‌వాడీలో పనిచేసే ఆమె. కొండపి, టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగ్ సీజన్లో ఆమె కూడా కూలికి పోతుంది. నెల్లూరు మాగాణుల్లో నాట్లప్పుడు ఆమె నడుము కూడా వంగుతుంది. తీరం వెంబడి రొయ్యల ప్లాంట్ల బస్సులు వచ్చి ఎక్కించుకెళ్లే ఆడవాళ్లలో ఆమె కూడా ఉంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి వెలిగించి, పిల్లలకు పెట్టి, ఆ తర్వాత గంటన్నర పదిమందికి అక్షరాలు దిద్దించమని అడుగుతున్నాం, ఊరికే. సేవ చెయ్యమని చెప్పేవాళ్లకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది, చేసేవాళ్లకు కూలి లేదు. ఇది న్యాయం కాదు సరే, న్యాయం సంగతి పక్కన పెట్టినా ఇలా పని జరగదు.

జరగదని ఎలా చెప్పగలనంటే, మనం చూశాం కదా. 2009లో పెద్దల చదువుకే సాక్షర భారత్ అనే కేంద్ర పథకం వచ్చింది, ఊళ్లో కోఆర్డినేటర్‌కు నెలకు రెండు వేలు అన్నారు. ఆ రెండు వేలూ నెలనెలా రాక బకాయిల కోసం వాళ్లు కలెక్టరేట్ల ముందు ధర్నాలకు కూర్చున్నారు. 2018 మార్చిలో పథకమే ఆపేశారు. ఆ రోజుతో ఊళ్లో చదువు కేంద్రం తలుపులు మూతబడ్డాయి, అక్కడ పేపర్ చదవడం అప్పుడప్పుడే పట్టుబడుతున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. పైనుంచి వచ్చే డబ్బు పైవాళ్లు ఆపేస్తే ఆగిపోతుంది. అందుకే ఊరి డబ్బు కావాలంటున్నా.

దీనికి ఎదురు చెప్పేవాళ్లున్నారు, వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. '1991లో నెల్లూరు జిల్లాలో వేలమంది ఒక్క రూపాయి తీసుకోకుండా చదువు చెప్పారు, ఆ జిల్లా దూబగుంట ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మూయించింది ఆ చదువుతోనే, డబ్బు పెడితే ఆ స్ఫూర్తి చచ్చిపోతుంది' అంటారు. ఇంకొందరు, 'ఇప్పుడు ఫోనే చదివి వినిపిస్తోంది, పిల్లలు చదువుకుంటున్నారు, అరవై ఏళ్ల ఆమెకు అక్షరాలెందుకు' అంటారు. మొదటి మాటలో నిజం ఉంది. ఆ ఏడాది కళాజాతాలతో, పాటలతో ఊరూవాడా ఒక ఊపులో ఉంది, ఊపులో ఉన్నప్పుడు కూలి ఎవరూ అడగరు. కానీ ఊపు ఏడాదో ఏడాదిన్నరో ఉంటుంది, వాడకపోతే అక్షరం అంతకన్నా ముందే పోతుంది. ఆ రోజుల్లో నేర్చుకున్నవాళ్లలో ఎంతమంది మళ్లీ వేలిముద్రలకు వచ్చారో ఏ ఊళ్లో అడిగినా చెప్తారు. స్ఫూర్తికి ఎవరూ అడ్డు కాదు, స్ఫూర్తి తగ్గిన రోజు కూడా దీపం పెట్టి పలక పట్టుకుని కూర్చునే మనిషి కావాలి. ఫోన్ సంగతికి కింద వస్తాను.

ఇక డబ్బు ఎక్కణ్నుంచి? ఇక్కడే మనవాళ్లు నిట్టూరుస్తారు, నాకు మాత్రం ఇక్కడే ఉత్సాహం వస్తుంది. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత ఇదే నెల్లూరు ఆడవాళ్లు రోజుకు రూపాయి దాచి పొదుపులక్ష్మి గ్రూపులు కట్టారు. రోజుకు రూపాయి! కూలి డబ్బుల్లోంచి తీసినది. అది చూసే రాష్ట్రమంతా నేర్చుకుంది. ఇప్పుడు ఊళ్లోని డ్వాక్రా గ్రూపులన్నీ కలిసిన ఒక మోస్తరు గ్రామ సంఘంలో ఇరవై గ్రూపులున్నాయనుకోండి, గ్రూపుకు పదిమంది, రెండొందల మంది సభ్యులు. మనిషి నెలకు పది రూపాయలు వేస్తే రెండు వేలు. సాక్షర భారత్ ఏళ్లతరబడి సరిగా ఇవ్వలేకపోయిన అదే రెండు వేలు, ఊరి ఆడవాళ్ల చేతుల్లోంచి నెల మొదటి తారీఖుకల్లా వచ్చేస్తుంది. పొదుపు కట్టే రోజే కట్టేస్తారు, వేరే వసూలు కూడా అక్కర్లేదు.

మనకు చందాలు ఎత్తడం రాక కాదు. తిరునాళ్ల ప్రభలకు, శ్రీరామనవమి పందిరికి, ఎద్దుల బండలాగుడు పందేల బహుమతులకు రశీదు పుస్తకం పట్టుకుని నలుగురు బయలుదేరితే సాయంత్రానికి ఎంత వస్తుందో అందరికీ తెలుసు. హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉన్నవాళ్లు కూడా ఫోన్‌పే కొడతారు. నేను వాటిని తప్పుపట్టడం లేదు, ఊరు ఊరుగా ఉండాలంటే అవీ కావాలి. నేనంటున్నది ఆ కమిటీనే, ఆ రశీదు పుస్తకమే ఇంకో పనికి కూడా వాడమని. 1918లో వేటపాలెంలో కుర్రాళ్లు కొందరు కలిసి మొదలుపెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం నూరేళ్లు దాటి ఇంకా నిలబడి ఉంది. అప్పుడు అది చిన్న ఊరే, ఇచ్చినవాళ్లందరూ ధనవంతులేం కాదు. చోటు కావాలంటే ఊళ్లో గ్రంథాలయం ఉంటే అదే అడగండి, మీరు కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఎప్పటినుంచో కడుతూనే ఉన్నారు, సాయంత్రం రెండు గంటలు ఆ గది అడిగే హక్కు మీకుంది.

ఊరి బయట ఉన్నవాళ్లు డబ్బు పంపాలనుకుంటే పుస్తకాలు కొనకండి. వాచకాలు ప్రభుత్వమే ఇస్తుంది. పలకలకు కొదవ లేదు, మార్కాపురం పలక పట్టుకుని దేశమంతా చదువుకుంది. అద్దాలు కొనిపెట్టండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో సగం పని ఇదే. నలభై అయిదు దాటిన ఆమె ముందు వాచకం పెట్టి చూడండి. పుస్తకాన్ని చెయ్యి చాపినంత దూరం జరుపుతుంది, మెడ వెనక్కి లాగుతుంది, కళ్లు చికిలిస్తుంది, 'నాకింక బుర్రకెక్కదులే నాయనా' అని పక్కన పెట్టేస్తుంది. బుర్రకెక్కకపోవడం కాదు, చత్వారం. 'ప' కీ 'వ' కీ తేడా ఆమెకు కనపడటం లేదు. రెండొందలు కూడా కాని చత్వారం అద్దాలు పెట్టుకున్న రోజు అదే మనిషి బస్సు బోర్డు మీద 'కనిగిరి' కూడబలుక్కుని చదువుతుంది. ఎన్ని కేంద్రాల్లో ఎంతమంది మొదటి వారంలోనే మానేశారో, వాళ్లలో ఎంతమంది కళ్లజోడు లేక మానేశారో మనం ఎప్పుడూ అడగలేదు. అద్దాలు, ఒక చార్జింగ్ లైటు, పెద్దక్షరాల వార్తాపత్రిక, వలస ఉన్నవాళ్లు ఇవి చూసుకుంటే చాలు. టీచరమ్మ డబ్బు మాత్రం ఊరే ఇవ్వాలి, ఎందుకంటే ఇచ్చినవాళ్లే అడుగుతారు, 'ఏమ్మా, నిన్న రాలేదే' అని.

ఇప్పుడు ఫోన్ మాట. ఫోన్ చదివి వినిపిస్తుంది నిజమే, పాటలు, వార్తలు. అప్పు కాగితం చదివి వినిపించమని ఎవరు ఎప్పుడు అడిగారు? నన్ను రాత్రిళ్లు నిద్రపోనివ్వని సంగతి ఇదే. అక్షరాల తరగతుల్లోంచి పుట్టిన పొదుపు గ్రూపులు ఇవాళ లక్షల అప్పులు తెచ్చుకుంటున్నాయి, సంతోషమే. కానీ నెలవారీ మీటింగులో తీర్మానాల పుస్తకం చేతికిస్తే మన అక్కలు చాలామంది ఏం చేస్తారు? పైన రాసింది ఏమిటో చూడరు, యానిమేటర్ వేలు పెట్టి చూపించిన చోట ముగ్గు వేసినట్టు పేరు గీస్తారు, పుస్తకం పక్కకిస్తారు. జనాభా లెక్కల వాళ్ల దృష్టిలో కూడా అది అక్షరాస్యత కాదు, అర్థం చేసుకుంటూ చదవాలి, రాయాలి అన్నది వాళ్ల నిబంధన. కానీ బ్యాంకుకు ఆ సంతకం చాలు. పదిమంది సంతకాలుంటే పదిమందీ బాధ్యులు, ఒకరు ఎగ్గొడితే మిగిలిన తొమ్మిదిమందీ కట్టాలి. దేనికి ఒప్పుకున్నామో తెలియకుండా ఒప్పుకుంటున్నారు.

ఇది బ్యాంకు అప్పు. మైక్రోఫైనాన్స్, అంటే చిన్న అప్పులిచ్చే కంపెనీల అప్పు సంగతి ఇంకా ఘోరం. 2010లో మన రాష్ట్రంలో ఆ వసూళ్ల వల్ల ఎన్ని కుటుంబాలు కూలిపోయాయో, దాంతో ప్రత్యేకంగా ఆర్డినెన్సే ఎలా తేవలసి వచ్చిందో మరిచిపోలేదు కదా. తర్వాత 2022లో రిజర్వు బ్యాంకు మంచి నిబంధనలే పెట్టింది. అప్పు తీసుకునే ఆమెకు అర్థమయ్యే భాషలో లోన్ కార్డు ఇవ్వాలి, వడ్డీ, ఇతర ఖర్చులు మొత్తం ఎంతో ఒక కాగితం మీద స్పష్టంగా రాసివ్వాలి, ముందే కట్టేస్తే జరిమానా వెయ్యకూడదు, తాకట్టు అడగకూడదు. తెలుగులోనే కార్డు ఇస్తారు. ఆమె దాన్ని మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాస్తుంది. ఆమెకున్న హక్కులన్నీ ఆ కార్డులో ఉన్నాయి, ఆమె మాత్రం వసూలుకు వచ్చిన కుర్రాడు నోటితో ఏది చెప్తే అదే రూలు అనుకుంటుంది. చట్టం రాసిన ప్రతివాడూ చదువొచ్చిన మనిషిని మనసులో పెట్టుకునే రాస్తాడు. రేషన్ కార్డులో పేరు తప్పు పడితే, పట్టాదారు పాసుపుస్తకంలో సర్వే నంబరు మారితే, ఆస్పత్రిలో ఆపరేషన్ ముందు సమ్మతి పత్రం ఇస్తే, అన్నింటికీ కాగితమే రక్షణ. చదువు రాని మనిషికి ఆ రక్షణ ఉండీ లేనట్టే. బ్యాంకులో డబ్బు తీసే ఫారం పట్టుకుని 'అబ్బయా, కాస్త ఇది రాసిపెట్టు నాయనా' అని తెలియని కుర్రాణ్ని అడిగే పెద్దామె అంకె దగ్గర అతన్ని నమ్మి తీరాల్సిందే, వేరే దారి లేదు. ఎవరూ మోసం చెయ్యకపోయినా ఆ నమ్మి తీరాల్సిన స్థితే అన్యాయం. కాబట్టి వాచకంలో 'అల, వల, తల' అయిపోయాక రెండో పుస్తకంగా వాళ్ల లోన్ కార్డే పెట్టమంటాను. నాలుగో నెలలో పదిమందీ తమ తమ కార్డులు తెచ్చి వడ్డీ ఎంత, వాయిదాలు ఎన్ని, మిగిలింది ఎంత అన్నది వాళ్లే చదివి పలక మీద వేస్తే, ఆ తరగతికి రమ్మని ఎవరినీ బతిమాలక్కర్లేదు.

పది రూపాయల చందా కూడా కుదరని చోట్లున్నాయని నాకు తెలుసు. నెల్లూరు జిల్లా చెరువు గట్ల మీద, కాలవల పక్కన ఉండే యానాది గిరిజనుల కాలనీల్లో చాలామంది ఏ గ్రూపులోనూ లేరు. చేపలకు, ఇటుక బట్టీలకు, రొయ్యల గుంటల కాపలాకు కుటుంబం మొత్తం కదిలిపోతుంది. అక్కడ ఊరి లెక్క పనిచెయ్యదు. బయట ఉన్నవాళ్లు పంపే డబ్బు ముందు అక్కడికి పోవాలి, చెప్పే మనిషి కూడా ఆ కాలనీలోంచే రావాలి, పదో తరగతి తప్పిన పిల్ల అయినా సరే, నెలకు రెండు వేలకు బదులు నాలుగు వేలు ఇచ్చి అయినా సరే. రాజుపాలెం నుంచో కావలి నుంచో రోజూ స్కూటీ మీద వచ్చి చెప్పే వలంటీరు అక్కడ వారం కూడా నిలవదు.

డబ్బు వచ్చాక లెక్కలు ఎవరు రాస్తారన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. నేర్చుకుంటున్నవాళ్లే రాయాలి. ఈ నెల ఎంత వచ్చింది, టీచరమ్మకు ఎంత ఇచ్చాం, అద్దాలకు ఎంత అయింది, గ్రామ సంఘం మీటింగులో ఆ తరగతికి వచ్చే ఆమే నిలబడి చదవాలి, నెలకొకరు చొప్పున. మొదట్లో తడబడతారు, తడబడనీండి. సర్టిఫికెట్ పరీక్ష కన్నా అది గట్టి పరీక్ష, పైగా ఊరి డబ్బు ఎటుపోతోందో అడిగే అలవాటు అక్కడ మొదలైతే పంచాయతీ లెక్కల దాకా పోతుంది.

సంక్రాంతికి ఊరు వెళ్తారు కదా. వెళ్లేముందే మీ గ్రామ సంఘం అధ్యక్షురాలికి ఒక ఫోన్ చెయ్యండి. 'అక్కా, రాత్రిపూట చదువు చెప్పగలిగిన మనిషి మన ఊళ్లో ఎవరు, నేర్చుకోవాలని ఉన్న పదిమంది ఎవరు' అని పేర్లు అడగండి. పండక్కి వచ్చినప్పుడు ఆ పదిమందికీ కళ్లు చూపించి అద్దాలు ఇప్పించండి, పండగ వెళ్లిన సోమవారం తరగతి మొదలుపెట్టించండి.