మీటర్ పెట్టి చూడకుండా మాగ్నెట్రాన్ పోయిందంటే ఒప్పుకోకండి

పోయిన నెల రాజమండ్రి వెళ్లినప్పుడు మా అమ్మ పప్పు గిన్నె మైక్రోవేవ్‌లో పెట్టి రెండు నిమిషాలు తిప్పింది. లైటు వెలిగింది, పళ్లెం తిరిగింది, ఫ్యాన్ తిరిగింది, టైమ్ అయ్యాక బీప్ కూడా వచ్చింది. తీసి చూస్తే పప్పు ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉంది. "వారం నుంచీ ఇదే వరస. శబ్దం కూడా మారిందిరా, ఇదివరకు ఇలా మూలిగేది కాదు" అంది.

అమ్మకు డెబ్భై దాటాయి. మోకాళ్ల నొప్పులు. రాత్రిపూట పొయ్యి దగ్గర నిలబడక్కర్లేకుండా అన్నం, కూర వేడి చేసుకుంటుందనే అది కొన్నాం.

నేను వెళ్లేసరికే కంపెనీ సర్వీసు నుంచి ఒకతను వచ్చి వెళ్లాడు. విజిటింగ్ చార్జి తీసుకున్నాడు. ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. "మాగ్నెట్రాన్ పోయిందండీ, 4,800 అవుతుంది, అంతకంటే ఎక్స్‌చేంజ్‌లో కొత్తది తీసుకోండి" అని చెప్పేశాడట. మాగ్నెట్రాన్ అంటే కూరను వేడెక్కించే తరంగాలు పుట్టించే భాగం. శబ్దం మారిందని అమ్మ చెప్పబోతే వినిపించుకోలేదట. నాకు కోపం వచ్చింది అక్కడే.

ఎందుకంటే ఆ శబ్దమే అసలు సంగతి. లైటు, పళ్లెం, ఫ్యాన్ ఇవన్నీ మామూలు కరెంటు మీద నడిచిపోతాయి. వేడి పుట్టించే దారి వేరు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మన 230 వోల్టులను సుమారు 2,000 దాకా పెంచుతుంది. చార్జి నిలవ చేసే కెపాసిటర్, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ కలిసి దాన్ని ఇంచుమించు రెట్టింపు చేసి మాగ్నెట్రాన్‌కు ఇస్తాయి. అప్పుడే తరంగాలు పుడతాయి. ఈ దారిలో ఏ ఒక్కటి పోయినా బయటికి అంతా బాగున్నట్టే ఉంటుంది, కూర మాత్రం చల్లగా ఉంటుంది. తలుపు స్విచ్చులు అరిగినా ఇలా జరగొచ్చు. డయోడ్ షార్ట్ అయితే, అంటే కరెంటును రెండువైపులా వదిలేస్తే, ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు పడి గట్టిగా మూలుగుతుంది. అమ్మ చెవికి తెలిసింది ఆ తేడానే.

మెకానిక్‌ను పిలిచే ముందు మనం చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసేసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి. వేసవి సాయంత్రాల్లో వోల్టేజీ పడిపోతే వేడి సరిగ్గా రాదు. పవర్ లెవెల్ తగ్గిపోయి ఉందేమో, కన్వెక్షన్ (వేడి గాలితో వండే పద్ధతి) ఉన్న మోడల్ అయితే మోడ్ మారిందేమో చూడండి. కొన్నింటిలో షాపువాళ్ల కోసం పెట్టిన డెమో మోడ్ కూడా ఉంటుంది, అందులో అన్నీ నడుస్తాయి గానీ వేడి పుట్టదు. తర్వాత ఒక కప్పు మంచినీళ్లు పెట్టి ఫుల్ పవర్‌లో రెండు నిమిషాలు తిప్పండి. బాగా ఆవిర్లు రావాలి. గోరువెచ్చగా కూడా కాలేదంటే లోపమే. అంతటితో ఆపేయండి.

మూత మాత్రం విప్పకండి. దయచేసి విప్పకండి. ప్లగ్ తీసేసినా కెపాసిటర్‌లో చార్జి నిలిచి ఉంటుంది, ప్రాణం తీయగలదు. యూట్యూబ్ చూసి చేసే పని కాదిది.

మా వీధి చివర మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే అన్న ఉన్నాడు, ఓవెన్లు కూడా చూస్తాడు. మోసుకెళ్లి ఇచ్చాను. ముందుగా కెపాసిటర్ చార్జి తీసేశాడు. డయోడ్ ఊడదీసి, కరెంటు పోతే బీప్ కొట్టే మీటర్ రెండు తీగలూ రెండు చివర్లకు ఆనించాడు, బీప్. తీగలు తారుమారు చేశాడు, మళ్లీ బీప్. "అటూ ఇటూ కరెంటు పోతోంది, ఇదే పోయింది బాబూ" అన్నాడు. మాగ్నెట్రాన్ కూడా చూసి బాగానే ఉందన్నాడు. డయోడ్, కూలి కలిపి 600 తీసుకున్నాడు. అరగంట పని.

ఇంకో మాట. ఆ రాత్రి బీరువాలో వారంటీ కార్డు వెతికి చదివాను. మొత్తం మెషిన్‌కు ఒక ఏడాది, మాగ్నెట్రాన్‌కు విడిగా ఐదేళ్లు. మేం కొని నాలుగేళ్లే అయింది. అంటే అతను చెప్పినట్టు నిజంగా మాగ్నెట్రానే పోయి ఉంటే, ఆ పార్టుకు మేం డబ్బు కట్టే పనే లేదు! ఆ మాట అతను అమ్మకు చెప్పలేదు, 4,800 అన్నాడు. చాలా మోడళ్లకు ఇలా విడిగా వారంటీ ఉంటుంది. మీ ఇంట్లోనూ కార్డు తీసి చూడండి.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇంటికి వచ్చి, చెయ్యి కూడా పెట్టకుండా పనికిరాదని తేల్చేయడం నాకు అన్యాయంగా అనిపించింది. బాగున్న ట్రాన్స్‌ఫార్మర్, బాగున్న మాగ్నెట్రాన్ ఉన్న మెషిన్ ఒక్క డయోడ్ కోసం చెత్తలోకి పోయేది. కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ తెచ్చింది. దాని గురించి సర్వీసుకు వచ్చేవాళ్లు ఒక్కరైనా చెప్పడం నేను వినలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, అమ్మ ఫోన్‌లో సేవ్ చేశాను.

కంపెనీకి మెయిల్ పెట్టాను. ఏ పరీక్ష చేసి మాగ్నెట్రాన్ పోయిందన్నారు, వారంటీ సంగతి ఎందుకు చెప్పలేదు, ఈ రెండే అడిగాను. విజిటింగ్ చార్జి వెనక్కి ఇమ్మన్నాను. పాత డయోడ్, రసీదు రెండూ దాచాను.