అమావాస్య రాత్రి హెయిర్ డ్రయ్యరు

సంక్రాంతికి అటో ఇటో వచ్చే అమావాస్య చూసుకుని, బెజవాడ, గుంటూరు చుక్కల పిచ్చోళ్లంతా మైలవరం దాటాక ఒక మామిడితోటలో దిగుతారు. ఏటా ఒక్క రాత్రి శిబిరం. అక్కడైతే బెజవాడ దీపాల కాంతి మొత్తం దక్షిణానికి పడుతుంది. దక్షిణాన ఉండే అగస్త్య నక్షత్రం కాస్త మసకబారినా మిగతా ఆకాశం నల్లగా దొరుకుతుంది. మబ్బు పట్టకపోతే చాలని అందరూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు గానీ, మబ్బుల వల్ల చెడిన శిబిరాలు తక్కువే. చెడేదంతా నేలమీదే.

మొదటి పేచీ ధ్రువుడితో. మన ఊళ్లలో ధ్రువనక్షత్రం ఉత్తరాన పదహారున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అంటే కంటి ఎత్తుకి పైన ఇరవై అడుగులున్న మామిడిచెట్టు అడ్డం రాకూడదంటే దాదాపు డెబ్బై అడుగులు వెనక్కి జరగాలి. ఫొటోలు తీసే అబ్బాయి ఈక్వటోరియల్ మౌంటుని (ధ్రువుడి వైపు గురిపెడితే చుక్కల వెంట తిరిగే టెలిస్కోపు స్టాండుని) చెట్టుకి పాతిక అడుగుల్లో బిగించి, సగం రాత్రి ధ్రువుడి కోసం ఆకుల్లో వెతుకుతాడు. జరిపి కూర్చోబెట్టాక ఇంకో తంటా. ఈ మౌంట్లు ముఖ్యంగా నలభై, యాభై డిగ్రీల అక్షాంశాల వాళ్లని దృష్టిలో పెట్టుకుని చేసినవి. మన పదహారున్నరకి వంచితే తూకానికి పెట్టే కౌంటర్‌వెయిట్ రాడ్డు పోయి ట్రైపాడ్ కాలికి తగులుతుంది. మధ్యలో ఎక్స్‌టెన్షన్ పైపు వేస్తే సరిపోతుంది. ఆ పైపు ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది.

ఈ గొడవలేవీ లేనిది డాబ్సోనియన్ టెలిస్కోపు మాస్టారికి. ఎనిమిది అంగుళాల అద్దం, 1200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్, కింద చెక్కపెట్టె. కరెంటు అక్కర్లేదు, చేత్తో తిప్పుకోవడమే. 25 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెడితే 48 రెట్లు, పది పెడితే 120. ఆయన పావుగంటలో సర్దేసుకుని, కుర్చీ వేసుకుని, పక్కవాళ్ల అవస్థలు చూస్తూ మరమరాలు తింటుంటారు. ఆ చూపుకే సగం మందికి ఒళ్లు మండుతుంది.

కళ్లు చీకటికి అలవాటు పడాలంటే ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. ఆ అలవాటు పోవడానికి ఒక్క క్షణం చాలు. అందుకే టార్చిలకి ఎర్ర సెల్లోఫేన్ చుడతారు. ఒక్క పొర వేస్తే గులాబీరంగు తెల్లకాంతి వస్తుంది తప్ప ఎరుపు రాదు, మూడు నాలుగు పొరలు ఉండాలి. అంతా బాగానే ఉంది. ఓరియన్ నెబ్యులా (వెలిగే వాయుమేఘం) ముందు వరుస కట్టారు. అక్కడి వెలుగు మన దాకా రావడానికి సుమారు 1,350 ఏళ్లు, అంటే వేంగిని చాళుక్యులు ఏలుతుండగా బయల్దేరింది. తోటలోకి వచ్చేశాక, సరిగ్గా గమ్యానికి గజం దూరంలో, మైలవరం నుంచి పెరుగు ప్యాకెట్లు తెస్తున్న బైకు హెడ్‌లైటు దాన్ని మింగేసింది.

"లైటార్పవయ్యా!" అని నలుగురూ ఒకేసారి అరిచారు.

"స్విచ్చి ఉంటేగా అన్నా ఆర్పడానికి!" అన్నాడు పెరుగు అబ్బాయి. తప్పు అతనిది కాదు. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో వచ్చే కొత్త బైకులకి ఇంజను తిరుగుతున్నంతసేపూ హెడ్‌లైటు వెలగాల్సిందే. గేటు దగ్గరే ఇంజను ఆపి తోసుకుంటూ రావాలని ముందే చెప్పి ఉండాల్సింది. చెబుదామనే అనుకున్నారు, పెరుగు గుర్తుచేసే హడావిడిలో మర్చిపోయారు.

ఎనిమిదిన్నర దాటాక మంచు మొదలైంది. గాజు తన వేడిని ఆకాశంలోకి వదిలేసుకుంటూ చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువ చల్లబడుతుంది, దాంతో గాలిలోని తేమ వచ్చి దాని మీద కూర్చుంటుంది. కృష్ణా డెల్టా పక్కన జనవరిలో తేమకి కొదవా? డాబ్సోనియన్‌లో అద్దం గొట్టం అడుగున ఉంటుంది కాబట్టి తొందరగా తడవదు. గోటూ (పేరు చెబితే మోటారుతో తానే తిరిగి చూపించే) టెలిస్కోపుల్లో ఎక్కువవాటికి ముందు వైపే గాజు ఉంటుంది. అది ముందుగా చెమ్మగిల్లుతుంది. గుడ్డతో తుడిస్తే పూత గీసుకుపోతుంది. నల్ల ఫోమ్ షీటు గొట్టంలా చుట్టి, వ్యాసానికి ఒకటిన్నర రెట్ల పొడవున ముందుకి తొడిగితే చాలాసేపు ఆగుతుంది. అయిదు అంగుళాలదానికి ఏడున్నర అంగుళాల గొట్టం, అంతే. చుట్టూ కట్టే హీటరు పట్టీ అయితే పది వాట్లు కూడా లాగదు.

గోటూ కుర్రాడు రెండూ తేలేదు. అక్క హెయిర్ డ్రయ్యరు తెచ్చాడు.

శిబిరం మొత్తానికీ ఒకటే ఇన్వర్టరు, ట్రాలీ ఆటోలో తెచ్చింది. మహా అయితే ఏడొందల వాట్లు మోస్తుంది. దాని మీద మూడు గోటూ మౌంట్లు, ఒక ల్యాప్‌టాపు, ఫోన్ల చార్జర్ల గుత్తి. డ్రయ్యరు 1,200 వాట్లది. స్విచ్చి నొక్కాడు, ఇన్వర్టరు రెండుసార్లు కీచుమంది, తోటంతా చప్పుడు లేకుండా అయిపోయింది. డాబ్సోనియన్ మాస్టారు మాత్రం మరమరాలు నములుతూనే ఉన్నారు. ఫొటోల అబ్బాయి నోట వచ్చిన మాట ఇక్కడ రాయలేం.

కరెంటు పోతే గోటూకి దిక్కు తెలియదు. తేదీ, టైము, ఊరు మళ్లీ చెప్పాలి, రెండు నక్షత్రాలు మళ్లీ చూపించాలి. టెలిస్కోపుకి తగిలించే ఈ హ్యాండ్‌సెట్లు ముందు నెల, తర్వాత రోజు అడుగుతాయి. జనవరి పదో తేదీని కంగారులో 10/01 అని కొట్టాడు కుర్రాడు. యంత్రం దృష్టిలో అది అక్టోబరు ఒకటి. మొదటి నక్షత్రంగా అభిజిత్తు చూపించమంది. జనవరి రాత్రి తొమ్మిదింటికి అభిజిత్తు ఆకాశంలోనే ఉండదు, అక్కడే పట్టుకోవాల్సింది. కానీ టెలిస్కోపు వాయవ్యానికి తిరిగి ఆగిన చోట ఆండ్రోమెడా నక్షత్రమండలంలోని ఒక చుక్క ఫైండర్‌లో (గురిచూసే చిన్న గొట్టంలో) మెరిసేసరికి, అదే అనుకుని నొక్కేశాడు. రెండోదీ అదే బాపతు. "అలైన్‌మెంట్ సక్సెస్" అంది యంత్రం. ఓరియన్ నెబ్యులా అడిగితే మాత్రం, అది దిగ్మండలం కింద ఉంది, చూపించడం కుదరదంది.

"ఓరియన్ అస్తమించిందట బాబాయ్" అన్నాడు పక్కన ఉన్న పెద్దాయనతో.

బాబాయ్ దగ్గర 10x50 బైనాక్యులర్ తప్ప ఇంకేం లేదు. తలెత్తి ఓరియన్ నడుంపట్టీ వైపు చూసి, "ఆ మూడు చుక్కలూ ఎవరివిరా మరి?" అన్నాడు.

తోట కాపలాదారు బీడీ ఆర్పి మరీ వచ్చి చూశాడు. "పిల్లలకోడి నడినెత్తి దాటింది, తొమ్మిదయ్యుంటది" అన్నాడు, కృత్తికల గుంపుని చూపిస్తూ. హ్యాండ్‌సెట్ గడియారంలో 9:04. టైము విషయంలో ఇద్దరికీ పేచీ లేదు, తేదీ దగ్గరే యంత్రం దారి తప్పింది.

ఈ లోపు గుంటూరు నుంచి వచ్చిన కొత్త జంట డాబ్సోనియన్ దగ్గర పట్టుబట్టింది, అరుంధతిని చూపించమని. పదిన్నర దాకా ఉదయించదమ్మా, చెట్లు దాటేసరికి ఒంటిగంట అవుతుందన్నారు మాస్టారు.

"మా పెళ్లిలో పంతులుగారు పట్టపగలే చూపించారండీ, పైసా ఖర్చు లేకుండా! మీ అరలక్ష టెలిస్కోపులో కనపడదా?"

మాస్టారు మొదటిసారి మరమరాలు పక్కన పెట్టారు.

ఒంటిగంటకి వాళ్లని లేపడానికి కారు తలుపు తీస్తే లోపలి లైటు వెలిగి మళ్లీ అరుపులు. సరే, మొత్తానికి ఆ అమ్మాయి ఐపీసులో కన్ను పెట్టింది. 48 రెట్లలో వశిష్ఠుడు ఒక్కడే కాదు, పద్నాలుగు ఆర్క్ సెకన్ల (ఒక్కోటి డిగ్రీలో 3,600వ వంతు) దూరంలో ఇంకో చుక్క అంటుకుని ఉంటుంది. అరుంధతి మాత్రం అంతకి యాభై రెట్లు అవతల.

"ఏవండీ, అరుంధతి అంత దూరాన ఉంటే వశిష్ఠుణ్ణి అంటిపెట్టుకుని ఈ మూడోది ఎవరండీ?"

"జంట నక్షత్రమమ్మా, 1650ల నాటికే తెలుసు" అని మాస్టారు చెప్పబోయారు.

"మిమ్మల్ని కాదండి" అంది ఆ అమ్మాయి, భర్త వైపు తిరిగి.

"నన్నెందుకే అడుగుతావు, నేను ఇప్పుడేగా వచ్చింది!" అన్నాడతను.