బీమా వారి జానపద సేవ

జానపద కళల్ని కాపాడేది ఎవరని ఎవరైనా అడిగితే, ఇకమీదట తడుముకోకుండా ఇన్సూరెన్స్ ఏజెంట్లని చెప్పండి. నవ్వకండి, అమెరికాలోని నాష్‌విల్ అనే ఊరే దీనికి సాక్ష్యం.

ఆ ఊరు ఒకప్పుడు తనను తాను దక్షిణాది ఏథెన్స్ అనుకునేది. ఉత్తినే అనుకుని ఊరుకోలేదు, 1897 ఎగ్జిబిషన్ కోసం గ్రీకుల పార్థెనాన్ గుడికి నకలు కూడా కట్టించుకుంది. అంత పరువుగల ఊళ్లో 1925లో ఒక బీమా కంపెనీ డబ్ల్యూఎస్ఎం అనే రేడియో స్టేషన్ పెట్టింది. 'లక్షలమందికి మేమే రక్ష' అనే అర్థమొచ్చే కంపెనీ నినాదానికి పొట్టి రూపమే ఆ పేరు. నవంబర్ 28 రాత్రి జార్జ్ హే అనే అనౌన్సర్ 77 ఏళ్ల పెద్దాయన జిమ్మీ థాంప్సన్‌ని మైకు ముందు కూర్చోబెడితే, ఆయన గంటసేపు ఫిడేలు వాయించి, ఇంకా మొదలే పెట్టలేదన్నట్టు చూశాడట. ఈ పల్లె సంగీతమే ప్రతి శనివారం రాత్రి కార్యక్రమమయ్యేసరికి, ఊరి పెద్దమనుషులకు తల కొట్టేసినట్టయింది.

హే గారికి అచ్చమైన పల్లెతనం కావాలి. ఆ కార్యక్రమంలో వాయించే హంఫ్రీ బేట్ వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో చదివిన డాక్టరు, ఆయన వాద్య బృందం మొదట్లో సూట్లలో కనిపించేది. అది కుదరదని వాళ్లకు పొలం బట్టలు తొడిగి, 'పోసమ్ వేటగాళ్లు' (పోసమ్ అంటే అక్కడి అడవి జంతువు) అని పేరు పెట్టారు. రేడియోలో బట్టలు ఎవరికి కనిపిస్తాయని అడక్కండి, ఫోటోలు దిగాలిగా! ముప్ఫై ఏళ్ల హే తనకు తాను పెట్టుకున్న బిరుదేమో 'గంభీర వృద్ధ న్యాయమూర్తి'. అచ్చమైన అంటే ఇదే మరి.

1927లో ఒక రాత్రి, శాస్త్రీయ సంగీత కార్యక్రమం అయిపోగానే, పెద్దింటివాళ్ల పాటల నాటకం ఒపెరాని పల్లె యాసలో వెక్కిరిస్తూ హే ఈ శనివారపు గోలకి 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' అని నామకరణం చేశాడు. ఆ రాత్రి వాయించిన డిఫోర్డ్ బెయిలీ నల్లజాతి మౌతార్గాన్ కళాకారుడు. ఆయన్ని 1941లో తీసేశారు, రక్షించాల్సిన లక్షల్లో లెక్కకు రాలేదు కాబోలు.

1932 కల్లా స్టేషన్ 50 వేల వాట్లకు చేరింది. ఏ మారుమూల ఊళ్లో తలుపు తట్టినా ఏజెంటు "శనివారం రాత్రి మీరు వినే ఓప్రీ మాదేనండీ" అంటే చాలు, కుర్చీ వేసేవారు. 1943లో మాత్రం టెనెసీ గవర్నర్, ఈ మోటు పాటలతో రాష్ట్రం పరువు పోతోందని ఓప్రీ వేడుకకు రానన్నారు. 1950లో అదే స్టేషన్ అనౌన్సర్ డేవిడ్ కాబ్ ఊరిని 'మ్యూజిక్ సిటీ' అనేశాడు, ఈసారి ఊరు కిక్కురుమనకుండా ఆ పేరే బోర్డులకెక్కించుకుంది.

ఇదంతా మా ఇంటికొచ్చే ఏజెంటు గారికి పూసగుచ్చినట్టు చెప్పి, మన బుర్రకథకేమైనా చేయకూడదా అని అడిగాను. ఆయన ఓపిగ్గా విని, ప్రీమియం గడువు శుక్రవారంతో అయిపోతుందన్నారు.