వార్ధా దగ్గర తెగిపోయే లెక్క

మహారాష్ట్రలోని చంద్రపూర్ గాలి గురించి కొత్తగా చెప్పేదేముంది? 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం, చుట్టూ బొగ్గు గనులు, గడ్‌చాందూర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దాన్ని అత్యంత కలుషిత ప్రాంతాల్లో చేర్చింది. ఆ జిల్లాలోని బల్లార్షా, రాజురాల్లో ఏళ్లుగా ఉంటున్న మన తెలుగువాళ్లకు ఆ సంగతి చెప్పడానికి మండలి అక్కర్లేదు, దండెం మీది బట్టలు చాలు.

చెప్పాల్సింది పటాల గురించి. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే సూక్ష్మ ధూళికణాల (పీఎం 2.5) వల్ల ఎక్కడెంత ముప్పో రంగుల్లో చూపే పటాలు ఇప్పుడు తరచుగా వస్తున్నాయి. వాటిలో గాలి లెక్క కాస్త నయం, మనుషుల లెక్కే అధ్వానం.

గాలి లెక్క ఉపగ్రహం నుంచి వస్తుంది. ధూళికణాలు వెలుతురును ఎంత అడ్డుకుంటున్నాయో చూసి, నేల మీది యంత్రాల రీడింగులతో సరిచూస్తారు. వానాకాలం మబ్బులు అడ్డొస్తాయి, యంత్రాలు లేనిచోట అంచనా వదులవుతుంది. అయినా మొత్తం మీద పనికొస్తుంది. ముప్పు తేల్చాలంటే మాత్రం దానికి జనాభాను కలపాలి, అక్కడ గుండెపోటుతో, పక్షవాతంతో, ఊపిరితిత్తుల జబ్బుతో మామూలుగా ఎంతమంది పోతున్నారో కూడా కలపాలి. 2019లో వాయు కాలుష్యం వల్ల దేశంలో 16.7 లక్షల మంది చనిపోయారన్న అంచనా ఇలా కట్టిందే. అందులో మరణాల రేటు రాష్ట్రాలవారీగా తీసుకున్నారు.

ఇక్కడే లెక్క తెగుతుంది. వార్ధా నదికి ఈవల తెలంగాణలో సిర్పూర్, ఆవల మహారాష్ట్రలో గోండ్‌పిప్రి. రెండు ఒడ్ల మీదా అదే పొగ, అవే కట్టెల పొయ్యిలు. కానీ లెక్కలో ఒక ఒడ్డు మనిషి మహారాష్ట్ర సగటులో పడతాడు, రెండో ఒడ్డు మనిషి తెలంగాణ సగటులో. చంద్రపూర్ జిల్లా జివతి కొండల మీది కొలాం గిరిజన రైతు గుండెను ముంబై కార్పొరేట్ ఆస్పత్రి ఖాతాతో కలిపేసి సగటు తీస్తున్నారన్నమాట. తెలంగాణలోని కెరమెరికి, జివతికి మధ్య రెండు రాష్ట్రాలూ మావేనంటున్న ఊళ్లున్నాయి, అక్కడివాళ్లకు రెండు చోట్లా ఓట్లున్నాయి. వాళ్లు ఏ రాష్ట్రం సగటు ప్రకారం చనిపోవాలో ఎవరైనా చెబితే బాగుండు.

ముందు గాలి కొలిచే యంత్రాలు పెంచండి, మిగతాది తర్వాత చూద్దాం అంటారు నిపుణులు. పెంచాల్సిందే. కానీ రీడింగులు ఉన్నంత మాత్రాన ఎవరు కదిలారు? సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో సల్ఫేటుగా మారి సూక్ష్మకణమవుతుందని తెలిసే 2015 డిసెంబరులో థర్మల్ కేంద్రాలకు పరిమితులు పెట్టారు. గడువు రెండేళ్లు. దాన్ని పొడిగిస్తూ పొడిగిస్తూ, 2025 జులైలో చాలా కేంద్రాలకు ఏకంగా మినహాయింపే ఇచ్చారు. నగరాల స్వచ్ఛ గాలి నిధులకేమో కాస్త పెద్ద ధూళికణాలనూ కలిపే పీఎం 10 కొలబద్ద. రోడ్డు మీద నీళ్లు చల్లితే ఆ ధూళి తగ్గుతుంది, మార్కులు వస్తాయి. చిమ్నీ జోలికి పోనక్కర్లేదు.

రీడింగు చూసి సిగ్గుపడని ప్రభుత్వం పేరుతో, ఊరితో, కారణంతో సహా ఉన్న మరణాల పుస్తకాన్ని చూసి అయినా ఇబ్బంది పడుతుంది. మన దగ్గర లేనిదే ఆ పుస్తకం. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఇంట్లో మంచం మీద పోయిన ముసలాయనకు పదేళ్ల దమ్ము ఉండేదని పక్కింటివాళ్లకు తెలుసు, రిజిస్టరుకు తెలియదు. గాలి ఒక్కటే కాదు, రాతి ధూళితో వచ్చే సిలికోసిస్, వడదెబ్బ, కల్తీ మందు, ఏదైనా ఇదే కథ. చావుకు కారణం రాయని దేశంలో ఏ చావుకూ బాధ్యులుండరు.

సరిహద్దులో ఇది ఇంకా ముదిరింది. సిరోంచ, రాజురా తెలుగువాళ్లు జబ్బు ముదిరితే భాష తెలిసిన డాక్టరు కోసం మంచిర్యాలకో, కరీంనగర్‌కో, వరంగల్‌కో వస్తారు. అక్కడ చనిపోతే, చట్టం ప్రకారం మరణం జరిగిన చోటే నమోదవుతుంది. పొగ మహారాష్ట్రది, చావు తెలంగాణది. చంద్రపూర్ ఆరోగ్య లెక్క ఆ మేరకు శుభ్రపడినట్టు కనిపిస్తుంది.

దీనికి కొత్త ఉపగ్రహం అక్కర్లేదు. 2023 చట్ట సవరణతో, ఆస్పత్రిలో మరణిస్తే ప్రైవేటైనా సర్కారుదైనా కారణం రాసి ఇవ్వాల్సిందే. మరణ నమోదు ఫారంలో మృతుడి సొంత నివాసం రాసే గడి ఎప్పటినుంచో ఉంది. తెలంగాణ ఆ గడి ప్రకారం చంద్రపూర్, గడ్చిరోలి చిరునామాలున్న ఫారాలను విడదీసి, పేర్లు తీసేసి, ప్రతి మూడు నెలలకూ అవతలి జిల్లా ఆరోగ్యాధికారికి పంపవచ్చు. ముప్పు పటం గీసేవాళ్లు మొదట అడగాల్సింది ఆ కట్టనే.