మైకు ముందు మోకాళ్లు

(ఒంగోలు దగ్గర ఓ ఊరు. శుక్రవారం రాత్రి ఒక జబ్బు మనిషి ఇంట్లో ప్రార్థన ముగించుకుని వచ్చారిద్దరూ. మామయ్య చర్చిలో సంఘ పెద్ద. మేనకోడలు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది, సెలవులకు వచ్చింది. అన్నాల దగ్గర వాదన మొదలైంది.)

మేనకోడలు: ఇరవై నిమిషాలు చేశారు మామయ్యా. ఆవిడ మంచం మీద కూర్చోలేక కూర్చుంది. పైగా ఇంట్లో ప్రార్థనకు సౌండ్ బాక్సు. దేవుడికి వినబడదనా?

మామయ్య: గుడ్డి బర్తిమయి యేసు ప్రభువును పిలుస్తూ కేకలేశాడమ్మాయ్. జనం ఊరుకోమంటే ఇంకా గట్టిగా అరిచాడు. ప్రభువు ఆగాడా లేదా?

మేనకోడలు: అతనికి కావలసింది చూపు, అడిగింది అదే. మీరు "సర్వోన్నతుడా, సర్వాధికారీ" అని బిరుదులు చదివేసరికే ఐదు నిమిషాలు. ప్రభువు చెప్పిన కథలో పన్నులు వసూలుచేసే సుంకరి ఏమన్నాడు? "దేవా, పాపినైన నన్ను కరుణించుము." అంతే. కళ్లు కూడా పైకెత్తలేదు. నీతిమంతుడిగా ఇంటికెళ్లింది అతనే, అదే గుడిలో ప్రార్థించిన, వారానికి రెండు ఉపవాసాలుండే నిష్ఠాపరుడు పరిసయ్యుడు కాదు.

మామయ్య: ఆ బిరుదులు ఎక్కడివో తెలుసా నీకు? 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. మా అమ్మమ్మ అలాంటివాళ్ల ఇంటి మనవరాలు. అక్షరం ముక్క రాదు. ఊళ్లో పెద్దకాపు ఎదుట ఒక పెద్ద మాట పలికితే పొగరనేవాళ్లు. మందిరంలో మాత్రం "మహోన్నతుడవైన తండ్రీ" అని నిండుగా అనొచ్చు. ఎవరో బైబిలు చదువుతుంటే విని విని నోటికి పట్టుకున్న మాటలవి. పండక్కి పెట్టెలోంచి తీసిన చీర ఎలాగో ఆవిడకు అవి అలాగ. దాన్ని డంబం అంటావా?

మేనకోడలు: (కాసేపాగి) అనను. ఆవిడ నోట్లో ఆ మాటలకు ప్రాణం ఉంది. నాకైతే "ప్రభువా" అనగానే నాలుక దానంతట అదే నడిచిపోతుంది, నేనేమో గ్యాస్ కట్టేశానా అని ఆలోచిస్తుంటాను.

మామయ్య: అది నీ తప్పు, మాటల తప్పు కాదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు మూడోసారి కూడా అవే మాటలతో ప్రార్థించాడు. ఇంకో సంగతి. తలుపేసుకుని చేసే చిన్న ప్రార్థనలో గర్వం ఉండదనుకోకు. "మా మామయ్యలా మైకు పట్టుకోనందుకు వందనాలు ప్రభువా" అని లోపల అనుకోలేదూ?

మేనకోడలు: అనుకున్నాను. ఇవాళే. సరే, గొంతు గురించీ గ్రాంథికం గురించీ ఇంక మాట్లాడను. ఒక్కటి మాత్రం వదలను. "ఆరాధనను నిర్లక్ష్యం చేసిన ఈ కుటుంబాన్ని క్షమించు తండ్రీ" అన్నారు. అది దేవుడికి చెప్పారా, ఆవిడకా?

(ఇలాంటి ప్రార్థన వినకుండా పెరిగిన క్రైస్తవులు మనలో తక్కువ. ఆలస్యంగా వచ్చేవాళ్లకు, కానుక తగ్గించినవాళ్లకు తండ్రి పేరుతో వేసే చురకలు. అందరూ కళ్లు మూసుకుని ఉంటారు గనక జవాబు చెప్పేందుకూ వీలుండదు.)

మామయ్య: ఆవిడ మేలు కోరే అన్నాను.

మేనకోడలు: మేలు కోరితే పక్కన కూర్చుని అడగొచ్చుగా, ఎందుకు రావడం లేదమ్మా అని? బిడ్డ కోసం ప్రార్థిస్తున్న హన్నా పెదవులు మాత్రమే కదులుతుంటే యాజకుడు ఏలీ తాగిందనుకున్నాడు. ఆ తప్పు ఎవరైనా చేస్తారు. కానీ ఆమె చెప్పింది విన్నాడు, విని క్షేమంగా వెళ్లమన్నాడు. ఈవిడ మూడు నెలలుగా గుమ్మం దాటలేకపోతోందట. వస్తుంటే వాళ్ల కోడలు చెప్పింది.

మామయ్య: ఆ సంగతి నాకు తెలీదు.

మేనకోడలు: దేవుడికి తెలుసుగా. ఆయనకే కదా మీరు చెప్పింది.

(అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది.)

మామయ్య: రాత్రికి ప్రార్థనలో క్షమాపణ అడుగుతాలే.

మేనకోడలు: ఎవరిని? కానుక బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమన్నాడు కదా ప్రభువు.

మామయ్య: ...పొద్దున్నే వెళ్దాం. నువ్వూ రా తోడు.

మేనకోడలు: వస్తాను. వెళ్లగానే ప్రార్థన మాత్రం మొదలుపెట్టకండి.