కబుర్లకు చోటిచ్చే సంగీతం

బెంగళూరులో మారతహళ్లి, బెల్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువాళ్ల ఫ్లాట్లలో శనివారం రాత్రి నలుగురు చేరారంటే బ్లూటూత్ స్పీకర్‌లో సినిమా పాటలు మొదలవడం ఖాయం. ఆ పాటలంటే నాకూ ప్రాణమే. కానీ వారమంతా ఆఫీసు టెన్షన్‌లో నలిగి, కాసేపు మాట్లాడుకుందామని వచ్చినవాళ్లకు అవి సాయం చేయవు. తెలిసిన పాట వినపడగానే చెవి చరణం వెంట పోతుంది. ఒకరు గొంతు కలుపుతారు, ఇంకొకరు తర్వాతి పాట అడుగుతారు. సగం చెప్పిన సంగతి అక్కడే ఆగిపోతుంది.

అలాంటి రాత్రులకు డౌన్‌టెంపో ఎలక్ట్రానిక్ సంగీతం పెట్టి చూడమంటాను. నిమిషానికి దాదాపు 70 నుంచి 110 బీట్ల నడక దీనిది. డాన్స్ క్లబ్బుల్లో మోగే హౌస్ సంగీతమైతే 120 పైనే ఉంటుంది. ఇందులో సాహిత్యం తక్కువ. చిన్న బేస్ (మంద్ర స్వరాల) వరుస ఒకటి తిరిగి తిరిగి వస్తుంటే, దాని మీద సింథసైజర్ స్వరాలు మెల్లగా మారుతుంటాయి. తర్వాత ఏం వస్తుందోనన్న ఆత్రం పుట్టదు. మధ్యలో మాట్లాడినా పాటకు లోటు జరగదు, మాటలు కాసేపు ఆగినా ఎవరికీ ఇబ్బంది అనిపించదు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే వినిపించే మోతతో దీన్ని ఒకే గాట కట్టేవాళ్లున్నారు. అది అన్యాయం. 1975లో ప్రమాదం జరిగి మంచం పట్టిన బ్రిటిష్ సంగీతకారుడు బ్రయన్ ఈనోకు ఒక స్నేహితురాలు హార్ప్ సంగీతం రికార్డు ఇచ్చి వెళ్లారు. సౌండ్ మరీ తక్కువగా ఉంది, లేచి పెంచే ఓపిక ఆయనకు లేదు. బయటి వాన చప్పుడులో కలిసి అక్కడక్కడా వినపడ్డ ఆ స్వరాలే కొత్త దారి చూపాయి. 1978లో విమానాశ్రయాల కోసమంటూ ఆయన చేసిన ఆల్బమ్‌తో, డౌన్‌టెంపోకు ఒక మూలమైన యాంబియెంట్ (పరిసరాల్లో కలిసిపోయే సంగీతం) అన్న పేరు స్థిరపడింది. 1989లో లండన్‌లోని హెవెన్ క్లబ్‌లో, డాన్స్ హోరుకు దూరంగా ఒక గదిలో, సంగీతకారులు అలెక్స్ ప్యాటర్సన్, జిమీ కాటీ అలసినవాళ్ల కోసం నెమ్మదైన రికార్డులు కలిపి వినిపించారు. స్పెయిన్‌కు చెందిన ఇబిజా దీవిలోని కఫే డెల్ మార్‌లో డీజే హోసే పడీయా సూర్యాస్తమయానికి తగిన పాటలు ఏరి పెట్టేవారు. ఎవరు వింటున్నారు, ఏ వేళలో వింటున్నారు అన్నది చూసి మరీ ఎంచిన సంగీతం ఇది.

మనం వదిలేస్తున్నది సరిగ్గా ఆ ఎంపికనే. వచ్చేవాళ్లు కారం తింటారో లేదో కనుక్కుని మరీ కూర వండే ఇంట్లో, పాటలు మాత్రం ‘చిల్’ అని వెతికితే వచ్చిన మొదటి ప్లేలిస్టుకు అప్పగించేస్తారు. కాసేపటికి ఏదో హిట్ పాట రీమిక్స్ దూరుతుంది, నడుమ ఒక ప్రకటన. ముందురోజే ఒక గంట కూర్చుని రెండు మూడు ఆల్బమ్‌లు విని ఎంచుకుంటే ఈ బాధ ఉండదు.

వీణో వేణువో పెట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. నేను ఒప్పుకోను. రాగాలాపన శ్రద్ధ కోరుతుంది, స్వరం ఎటు తిరిగి ఎక్కడ వాలుతుందో వెంట నడిస్తేనే దాని రుచి. పల్లీలు నములుతూ ఒక చెవిన వేసుకోవడం అమర్యాద. మన వాద్యాలే కావాలనుకుంటే తబలాను ఎలక్ట్రానిక్స్‌తో కలిపి 1999లో బ్రిటన్‌లో ఆల్బమ్‌లకు ఇచ్చే మెర్క్యురీ బహుమతి గెలిచిన తల్వీన్ సింగ్ ఉన్నారు, ఢిల్లీ జంట మిడివల్ పండిట్జ్ ఉన్నారు. వీళ్ల దగ్గర వేగం పెరిగే ట్రాకులూ ఉంటాయి, నెమ్మదివి ఏరుకోవాలి.

అపార్ట్‌మెంట్లలో ఇంకో సంగతి ముఖ్యం. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెల్స్. గోడలు దాటి పక్కింటికి ఎక్కువగా చేరేది బేసే. స్పీకర్‌ను మూలన కాకుండా, గోడకు దూరంగా, నేల మీద పెట్టకుండా ఉంచి, బేస్ తగ్గించండి. ఎదుటివారి మాట వినడానికి ఎవరూ ముందుకు వంగాల్సిన అవసరం రానంత సౌండ్ చాలు.