జామాయిల్ తోటని అడవి అనకండి

ఈ వారం మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకటే చర్చ. వెనకున్న బోడికొండ మీద జామాయిల్ (యూకలిప్టస్) వేద్దాం, నాలుగేళ్లలో పచ్చగా అయిపోతుంది అని ఒకాయన పెట్టగానే చప్పట్ల ఎమోజీలు వరసకట్టాయి. నాకు ఒళ్లు మండింది. పచ్చదనం కోసం ఆ తపన నాకూ ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చిపోయాక విశాఖ కొండలు ఎలా బోసిపోయాయో చూసినవాళ్లెవరికైనా ఉంటుంది. అయినా సరే, కొండ మీద జామాయిల్ వద్దు.

చెట్టు మీద నాకేం పగ లేదు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు. 1843లో నీలగిరుల్లో వంటచెరకు కోసం నాటారు. జలుబు చేస్తే వేడినీళ్లలో చుక్కలు వేసి ఆవిరి పట్టే తైలం ఆ చలికొండల రకం నుంచి తీసేది. (ఆ సీసా పిల్లలకి అందకుండా పెట్టండి. కొంచెం మింగినా ఫిట్స్ రావచ్చు.) మన మెట్టల్లో వేసేది వేరే రకం, కాగితం గుజ్జుకీ సెంట్రింగ్ కర్రలకీ పనికొస్తుంది. నాలుగైదేళ్లకు కొడితే మోడు నుంచి మళ్లీ చిగురేస్తుంది, రెండో కోతకి మొక్కల ఖర్చుండదు. వానే దిక్కైన రైతు తన చెక్కలో వేసుకుంటే కాదనడానికి నేనెవర్ని?

దాన్ని అడవి అన్నప్పుడే తంటా. ఓసారి ఆ తోటలోకెళ్లి కింద చూడండి. కొడవలిలా వంగిన ఎండుటాకులు, పొడుగ్గా ఊడిన బెరడు, మొగ్గల మీంచి రాలిన చిన్న మూతలు. గడ్డి కూడా పల్చగానే ఉంటుంది. ఆకులో నూనె కదా, తొందరగా కుళ్లదు. వేసవిలో నిప్పురవ్వ పడితే భగ్గుమంటుంది. కానీ భారత అటవీ సర్వే లెక్కలో, హెక్టారు నేల మీద పదోవంతు కొమ్మల కప్పు ఉంటే చాలు, ఏ జాతి చెట్టయినా అది అటవీ విస్తీర్ణమే. కాగితం మిల్లుకి పోయే కర్రని కూడా అడవిలో కలిపేసుకుని పచ్చదనం పెరిగిందని మురిసిపోతున్నాం.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. దక్షిణాఫ్రికాలో మొకోబులాన్ అనే చోట 1969లో గడ్డికొండ మీద యూకలిప్టస్ నాటారు. తొమ్మిదో ఏటికి అక్కడి వాగు పూర్తిగా ఎండిపోయింది. 16వ ఏట చెట్లు కొట్టేశాక కూడా నీరు మామూలుగా పారడానికి ఐదేళ్లు పట్టింది. ఏడాది పొడుగునా ఆకుతో ఉండి, గబగబా పెరిగే చెట్టు గడ్డి కంటే ఎక్కువ తాగదా మరి? మనకి నీళ్లిచ్చే తాటిపూడి జలాశయంలోకి వచ్చే గోస్తని నది అనంతగిరి కొండల్లో పుట్టిందే. మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ జలాశయాలు కూడా కొండల నీళ్ల మీదే బతుకుతున్నాయి. గెడ్డల నెత్తిన ఈ చెట్టుని పెట్టి, కింద కుళాయిలో నీళ్లు రావట్లేదని ధర్నా చేస్తే ఏం లాభం?

కానుగ, నేరేడు, వెలగ, వేప వేద్దాం. నెమ్మదిగానే పెరుగుతాయి, మొదటి రెండు వేసవులు నీళ్లు మోయాలి. ఆదివారం మీటింగులో ఇదే అడుగుతాను. ట్యాంకర్ ఖర్చులో నా వంతు నేనిస్తాను, మోయడానికీ వస్తాను. ఎవరెవరు వస్తారో కింద పేరు రాయండి.